నల్ల నువ్వులు మోసిన చీమలు

ముంద్రా, కచ్ఛ్
జ్యేష్ఠ శుద్ధ పంచమి, సోమవారం

ముంబైలో, ములుండ్‌లో కాపురముంటున్న మా బావమరిది నేణశీకి,

జై జినేంద్ర. నువ్వు, నీ కొడుకు, కోడలు, పిల్లలు క్షేమమని తలుస్తాను. అలా తలవకపోతే ఉత్తరం మర్యాదగా మొదలుకాదు కాబట్టి తలుస్తున్నాను. ఇక్కడ నేనూ నీ చెల్లెలు మోంఘీ బాగానే ఉన్నాం. మూడేళ్లుగా సరైన వాన లేదు. మర్యాదలు ఇంతటితో సరి.

నువ్వు ముంబైకి బండెక్కే ముందు రోజు మనం ఊరి వెనక వాగు ఒడ్డున బండమీద కూర్చున్నాం. గుర్తుందా? కొబ్బరికాయలకు చిల్లి పెట్టి, పిండీ తీపీ నెయ్యీ కలిపి కూరి, చీమల కన్నాల దగ్గర పొదల కింద దాచి వచ్చాం. తొలివానకు ముందు చీమలకు పెట్టే ఈ కీడియారు మన జైన మహాజనంలో ప్రతి ఇంటా ఉన్నదే. కానీ మన ఇద్దరికీ అది పుణ్యం కోసం కాదు, ఆ తర్వాత బండమీద కూర్చుని చూడటం కోసం. ఆ రోజు నువ్వు నా చెయ్యి పట్టుకుని, “దామా, నేను ఏ ఊళ్లో ఉన్నా జ్యేష్ఠంలో వస్తాను. నా కాయ ఇక్కడ పడకుండా తొలివాన పడదు” అన్నావు. కొన్నేళ్లు వచ్చావు. తర్వాత మానేశావు. దుకాణం అన్నావు, కాళ్లనొప్పులన్నావు, చివరికి ఏమీ అనడం కూడా మానేశావు.

అది కూడా మింగేవాణ్ణి. భుజ్‌లో మీ పెదనాన్న మనవరాలి పెళ్లి జరిగింది చూడు, దాన్ని మాత్రం మింగలేకపోయాను. నువ్వు వస్తున్నావని తెలిసి, జ్వరంతో ఉన్న మోంఘీని ఇంట్లో వదిలి, బస్సెక్కి వచ్చాను. పందిట్లో దీపాల కింద నువ్వు కనిపించావు. కొడుకు భుజం మీద చెయ్యి వేసుకుని, దర్బారుకు వచ్చిన ఠాకోరు దొరలా నడుస్తున్నావు. నేను చెయ్యి ఎత్తాను. నువ్వు నా మొహంలోకి సూటిగా చూశావు. చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయావు. నేను భోజనం చేయకుండా తిరుగు బస్సెక్కాను. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో నీ పేరు ఎత్తవద్దని మోంఘీకి చెప్పాను. ఇరవై ఏళ్లయింది, ఆమె ఎత్తలేదు. దీపావళికి నీ ఇంటినుంచి ఆమెకు ఉత్తరం వస్తుంది. నేను చదవను. కవరు మీద దస్తూరీ మాత్రం చూస్తాను. ఎప్పుడూ నీ కోడలు కోకిలదే. సొంత చెల్లెలికి రెండు ముక్కలు రాయడానికి కూడా కలం పట్టుకోలేనంత పెద్దవాడివయ్యావన్నమాట.

ఇప్పుడు కోకిల మొదటిసారి నా పేరున రాసింది. నీ గుండె బలహీనపడిందనీ, డాక్టర్లు పెదవి విరిచారనీ, చెల్లెల్ని ఒక్కసారి చూడాలంటున్నావనీ, మోంఘీని పంపమనీ. ఆ ఉత్తరం వచ్చిన రోజు మోంఘీ అటకమీది రేకు పెట్టె దించి, తుడిచి, మళ్లీ అటక ఎక్కించింది. నన్ను ఒక్క మాట అడగలేదు. పంపడమా మానడమా అన్నది నా నోట రావాలి. చెబుతాను. ముందు నువ్వు ఇక్కడ చేయిస్తున్న పని నాకు తెలిసిపోయిందని నీకు తెలియాలి.

నేను రోజూ తెల్లవారాక వాగు ఒడ్డుకు వెళ్తాను. మన బండ అక్కడే ఉంది, నువ్వు కూర్చునే వైపు కాస్త కుంగింది. చిటికెడు పిండి జల్లి కూర్చుంటాను. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఒక చీమ వస్తుంది. తల ఆడించి, రవ్వను తట్టి, ఏమీ తీసుకోకుండా వెనక్కి పోతుంది. అది పోయిన దారినే పది వస్తాయి, ఆ తర్వాత లెక్క ఉండదు. ఒకటి గడ్డిగింజను నిలువుగా ఎత్తిపట్టి, గాలికి అటూ ఇటూ ఊగుతూ, మాండ్వీ రేవులో పడవ తెరచాప ఎత్తినట్టు వస్తుంది. రెండు ఒకే రవ్వను చెరోవైపు లాగుతాయి. ఏదీ వదలదు, అయినా రవ్వ కన్నం వైపే జరుగుతుంది. అదెలాగో ఇన్నేళ్లు చూసినా నాకు అంతుపట్టలేదు. పొట్టు ఒలిచి, కన్నం చుట్టూ వలయంగా పోస్తాయి. ఆ పొట్టు గుట్ట ఎండలో బంగారంలా మెరుస్తుంది.

మహాజన గ్రంథాలయంలో చీమల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను. రాసిన ప్రతివాడూ వాటిలో తనకు కావలసినదే చూశాడు. ఒకడికి సైన్యం, ఇంకొకడికి రాజ్యం, మరొకడికి కార్మిక సంఘం. నాకు వాటిలో ఏదీ కనిపించదు. చూస్తుంటే మెడ నరాలు ఒక్కొక్కటే వదులవుతాయి. ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ కాసేపు నిన్ను తిట్టుకోవడం కూడా మరచిపోతాను. రోజులో నాకు దొరికే సుఖం అదొక్కటే. దాన్ని కూడా నువ్వు చెడగొట్టావు.

మొన్న అమావాస్య తర్వాత ఒకనాడు, నా చెప్పు పక్కనుంచి ఒక చీమ నల్ల నువ్వుగింజ మోసుకుపోయింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే వరసంతా నల్ల నువ్వులే. నేను పెట్టేది గోధుమ పిండి, చక్కెర, నెయ్యి. అది మా అమ్మ పద్ధతి. మోంఘీ ఈ గడప తొక్కిన రోజు నుంచి అదే కలిపి ఇస్తోంది. సజ్జ పిండి, బెల్లం, నల్ల నువ్వులు కలిపేది ఎవరో నీకు చెప్పాలా? మీ అమ్మ.

వరసను పట్టుకుని వెనక్కి నడిచాను. కూలిన గోడ చుట్టి, ముళ్లపొద మొదట్లోకి దారి తీసింది. అక్కడ కొబ్బరికాయ. చిల్లి అంచు నల్లగా కాలి ఉంది. నా ఒళ్లు మండింది. పీచు గుచ్చుకుంటే చీమల కాళ్లు ఇరుక్కుంటాయని మీ అమ్మ ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి చిల్లి పెట్టేది. మిగతా ఊరంతా మేకుతో పొడిచి ఊరుకుంటుంది.

అంటే నువ్వు ఇక్కడ ఎవరినో కుదుర్చుకున్నావు. నా వీపు వెనక, నా బండ దగ్గర, నా చీమలకు.

కిరాణా వీర్‌చంద్‌ను నిలదీశాను, ఈ నెలలో నల్ల నువ్వులు ఎవరు కొన్నారని. వాడు తక్కెడ పక్కన పెట్టి, “దామజీ కాకా, నువ్వులు కొన్నవాళ్లను జైల్లో వేసే చట్టం ఎప్పుడొచ్చింది? అలాగైతే పోలీసులు ముందు మీ ఇంటికే రావాలి” అని పకపకా నవ్వాడు. వాళ్ల నాన్నా అంతే, తూచేటప్పుడు నవ్వించి ముల్లు చూడనిచ్చేవాడు కాదు. తర్వాత వాగు దగ్గర మేకలు కాసే రబారీ ముసలమ్మ వేజీబెన్‌ను అడిగాను. “పొద్దున్నే ఒక ఆడమనిషి వస్తుంది, ముసుగు కిందికి లాక్కుని. అయినా నీకెందుకు కాకా? చీమలొచ్చి ఫిర్యాదు చేశాయా?” అంది. ఎవరని గట్టిగా అడిగితే, “నా మేకను అడుగు, అది నీకంటే బాగా చూస్తుంది” అని కర్ర తాటించుకుంటూ పోయింది. నన్ను చూస్తే వీళ్లందరికీ ఎందుకింత ఉల్లాసమో తెలియదు. వాళ్లకు కూడా నీ డబ్బు ముట్టిందేమో.

ఇంటికొచ్చి, నీ పేరు ఎత్తకూడదని నేనే పెట్టిన నియమం నేనే తప్పి, మోంఘీతో చెప్పాను. ఆమె రొట్టె మీద నెయ్యి రాస్తూ, “ఎవరు పెడితే ఏమిటట? చీమ తినేముందు పెట్టినవాళ్ల ఇంటిపేరు అడుగుతుందా? మీరు తినండి, చల్లారిపోతోంది” అంది. మజ్జిగ పోస్తుంటే గ్లాసు పొర్లి పళ్లెంలోకి కారింది. నీ పేరు వింటే ఆమె ధ్యాస ఇప్పటికీ చెదురుతుంది. అది కూడా నీ ఖాతాలోనే.

నీ ఎత్తు నాకు అర్థమైంది. రేపు నువ్వు పోతే సంతాప సభలో ఎవడో లేచి, “నేణశీభాయి ఊరు విడిచినా మాట విడవలేదు, ఏటా కీడియారు పెట్టించాడు” అంటాడు. నలుగురూ తలలూపుతారు. ఎవరికో కూలి ఇచ్చి పెట్టించిన కొబ్బరికాయతో నన్ను అబద్ధాలకోరును చేసి పోవాలని చూస్తున్నావు. నీ చేత్తో నువ్వు పెడతానన్నావు నేణశీ. కిరాయి చేత్తో కాదు.

కాబట్టి నా జవాబు ఇది. మోంఘీని పంపను. రేపు పెందలాడే వెళ్లి ఆ ముసుగు మనిషిని పట్టుకుని, పేరు అడిగి, ఆ పేరు కూడా ఇందులో చేర్చి పోస్టు చేస్తాను.

నీ మేలు కోరవలసిన బంధువు,
దామజీ

తా.క. మంగళవారం, ఎండ ఎక్కాక.

కూలిన గోడ వెనక నక్కి కూర్చున్నాను. ముసుగు మనిషి వచ్చింది. పొద దగ్గర గొంతుక్కూర్చుని, కాయ లోపలికి తోసింది. కానీ లేవలేకపోయింది. ఒక చెయ్యి నేల మీద ఆనించి, ఇంకో చెయ్యి మోకాలి మీద పెట్టి, సగం లేచి మళ్లీ కూలబడింది. అలా లేవబోయి కూలబడటం నేను పోయిన చలికాలం నుంచీ మా వంటింట్లో చూస్తున్నాను. గోడ వెనకనుంచి బయటికొచ్చాను. ఆమె తల కూడా తిప్పకుండా, “ఎలాగూ వచ్చారుగా, చెయ్యి ఇవ్వండి. మోకాళ్లు పట్టేశాయి” అంది.

రోజూ సాధ్వుల దర్శనానికి ఉపాశ్రయానికి వెళ్తున్నానని చెప్పే మోంఘీ.

బండమీద కూర్చోబెట్టాను. ఏటా వాగు అవతల పెట్టేదట, నా కంట పడకుండా. ఈ ఏడు మోకాళ్లు అంత దూరం పోనివ్వక ఇవతల పెట్టింది. ఆ నువ్వులను నా చీమలే నా ముందుకు మోసుకొచ్చాయి.

కిరాయి మనిషి పెట్టిందని అన్నవాణ్ణి, సిగ్గులేకుండా ఇంకా అడిగాను, మీ అన్న తన చేత్తో ఎందుకు పెట్టలేదని. అప్పుడు చెప్పింది. “అన్నకు కళ్లు లేవు. భుజ్ పెళ్లి నాటికే పోయాయి. దీపాల వెలుతురు తప్ప ఏమీ తెలియదు. మీ మొహం చూసింది ఎక్కడ, మీరు చెయ్యెత్తారన్న సంగతే ఆయనకు తెలియదు. కనబడని చీమల దగ్గరికి వచ్చి ఏం చేయను, నా కాయ నువ్వు పెట్టవే అన్నాడు. దామాకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. వాడు నన్ను తిట్టుకుంటే బతికుంటాను, వాడు జాలిపడితే చస్తాను అన్నాడు.”

వరస మా కాళ్ల ముందే పోతోంది. ఇద్దరం చాలాసేపు చూస్తూ కూర్చున్నాం. మొదటిసారి నాకు మెడ నరాలు వదులుకాలేదు.

పైన రాసినదంతా చించేద్దామనుకున్నాను. చించను. కోకిలా, నువ్వే చదువుతున్నావు కదమ్మా. మొదటినుంచీ చదువు, ఒక్క తిట్టు కూడా వదలకు. ఠాకోరు అన్నది గట్టిగా చదువు. ఇందులో జాలి ఎక్కడైనా కనిపిస్తే అది మాత్రం దాటెయ్యి, మీ మామయ్యకు పడదు.

నేణశీ, మోంఘీ ఒక్కతే రాదు. రేకు పెట్టె ఈసారి అటక మీదినుంచి నేనే దించాను. రేపటి బండికి ఇద్దరం వస్తున్నాం. పోయినేడు పెట్టిన కాయ ఒకటి తెస్తున్నాను, మీ అమ్మ పద్ధతిది. వాగు అవతలనుంచి ఇప్పుడే వెతికి తెచ్చాను. చీమలు లోపల ఎంత నున్నగా తుడిచాయో వేలు పెట్టి చూద్దువుగాని. మిగతాది నేను పక్కన కూర్చుని చెబుతాను, ఏది ఏం మోసిందో, ఎటు లాగిందో. నేను వచ్చేదాకా ఆగు. ఈ మాటైనా నిలబెట్టు.

నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు. క్షమించడానికి నీ దగ్గర తప్పేమీ మిగల్లేదు, అదే ఇప్పుడు నా కష్టం. ఇరవై ఏళ్ల కోపాన్ని ఎక్కడో ఒకచోట దించాలి కదా. ఆ పెళ్లినుంచి తిరిగొచ్చి నేను రొట్టె ముట్టకుండా గోడవైపు తిరిగి కూర్చుంటే, జ్వరపు ఒంటితో వచ్చి పక్కన కూర్చుని, అంతా తెలిసి, “పట్నం నీళ్లు తాగి అన్నకు పొగరెక్కిందేమో, వదిలేయండి” అని నన్ను ఊరడించిన మనిషి ఒకరున్నారు. ఆమె ఇప్పుడు పక్క గదిలో ప్రయాణానికి థేప్లా రొట్టెలు ఒత్తుతూ కూనిరాగం తీస్తోంది. నేను ఈ జన్మకు తప్పుపట్టేది ఆమె ఒక్కతెనే.

మోంఘీని.