తడి చేతికి వెలగని తెర

పెత్రమాస, రాత్రి

చిన్నీ,

కొత్త టాబ్ కొన్నాం. మీ బాపు ఫోన్‌లో నీ నవ్వుల వీడియో పెడితే ముఖం శనగ గింజంత కనిపించేది. ఇందులో నా అరచేయంత ఉంది. రంగు కొంచెం వెలిసినట్టుంది, గొంతు సన్నగా వస్తోంది. అయినా నువ్వే.

నువ్వు పోయాక మొదటి పెత్రమాస. పోయినవాళ్లకు అన్నం పెట్టే రోజు కదా, టాబ్‌ను పీట మీద నిలబెట్టి పచ్చిపులుసు అన్నం కలిపాను. ముద్ద చేసేలోపే వీడియో అయిపోయి తెర ఆరిపోయింది. తడి వేలికి వెలగలేదు. చెయ్యి తుడుచుకుని ముట్టుకుంటే నువ్వు వచ్చావు. మళ్లీ కలిపితే మళ్లీ పోయావు.

"ఎడమ చెయ్యితోని ముట్టుకో" అన్నాడు మీ బాపు.

"అన్నం పెట్టేకాడ ఎడమ చెయ్యేందిరా?" అని మీ అవ్వ కసిరింది. "ఫొటో కట్టియ్యమంటె గీ డబ్బ తెచ్చిండ్రు."

"ఫొటోల పిల్ల నవ్వది గదా అత్తా" అన్నాను.

"ఎన్నిసార్లు లేపుతవే పిల్లను" అంటూ మీ బాపు బయటికి పోయి ఏడ్చాడు.

చార్జింగ్ కూడా అయిపోయింది. నువ్వు తిన్నావో లేదో ఎవరిని అడగాలి... విస్తరి తీయలేదు. చీకట్లోనైనా కడుపునిండా తిను బిడ్డా.