స్వర్ణ కాలు

ఆర్మూర్

నా మీద అలిగి కూర్చున్న అమ్మకు, నీ రోజా రాసేది.

ఫోన్ ఎత్తవు. తమ్ముడు స్వామితో కబురు పంపితే "దాన్ని నా ఇంటికి రావొద్దని చెప్పు" అన్నావట. అందుకే ఈ ఉత్తరం. పక్కింటి రజితతో చదివించుకో, మధ్యలో లేచి పోకు.

నువ్వు విన్నది నిజమే. నీ మనవరాలికి హైదరాబాద్ దవాఖానలో కెటమిన్ అనే మత్తుమందు ఎక్కించారు. నేనే సరేనన్నాను. నీకు మాత్రం ఎక్సర్‌సైజులకు తీసుకుపోతున్నానని అబద్ధం చెప్పాను.

మార్కెట్ యార్డులో పసుపు బస్తా జారి స్వర్ణ కాలి మీద పడ్డప్పుడు విరిగిన ఎముక అతుక్కుంది, నొప్పి మాత్రం పోలేదు. దుప్పటి తగిలినా, ఫ్యాను గాలి సోకినా పదకొండేళ్ల పిల్ల కెవ్వుమనేది. వాడకట్టంతా నాటకాలంది. మనిద్దరం నమ్మాం గానీ చేసిందేమిటి? పసుపు, సున్నం పట్టు వేసి, గుడ్డ చుట్టి, కాలు కింద పెట్టనీయకుండా చంకనెత్తుకుని తిప్పాం. ఆ గారాబమే కొంప ముంచింది. గాయం మానినా నరాలు ఇంకా దెబ్బ తగులుతున్నట్టే మొత్తుకుంటున్నాయని, కాలు కదపకపోతే అది ఇంకా ముదురుతుందని డాక్టరమ్మ చెప్పింది. కదపాలంటే ముందు ముట్టుకోనివ్వాలి కదా. గోలీలు పనిచేయలేదు. అప్పుడు ఈ మందు సంగతి ఎత్తింది.

మత్తు అనగానే నాకూ నాయినే కళ్ల ముందు మెదిలాడు. మత్తుమందు కలిపిన కల్లు దొరకని రోజుల్లో మంచం కోళ్లు పట్టుకుని వణికి వణికి పోయిన మనిషి. సూటిగానే అడిగాను, "ఆపినంక నా బిడ్డ గట్ల వణుకుతదా మేడమ్?"

ఆమె నవ్వలేదు. "మీ భయం సరైనదే. అందుకే ఇంటికివ్వం. కొంచెం కొంచెంగా, ఇక్కడే, పక్కన మనిషిని పెట్టి కొద్ది రోజులే ఇస్తాం. పిల్లలందరికీ పనిచేస్తుందని కూడా చెప్పలేను" అంది. ఆ ఆఖరి మాటకే ఆమెను నమ్మాను.

మందు ఎక్కుతుంటే స్వర్ణ "అమ్మా, లైటు సాగుతున్నది" అని నవ్వింది. కాసేపటికి ఎక్సర్‌సైజుల అమ్మాయి ఆ కాలు పట్టుకుంటే, మన పిల్ల గుంజుకోలేదు. నేను బయటికి పోయి ఏడ్చాను. ఇప్పుడు మందు ఆపి నెలలైంది. వణకలేదు, మళ్లీ కావాలని అడగలేదు. నొప్పి అప్పుడప్పుడూ వచ్చి పలకరిస్తుంది, ఈ పిల్ల దాన్ని లెక్కచేయదు.

ఉత్తరం స్వర్ణే తెస్తుంది. స్వామి తోడు వస్తాడు. బస్సు దిగాక ఆటో వద్దు, నడుస్తానంది. నా మీది కోపం దాని మీద చూపించకు.

నీ మొండి బిడ్డ,
రోజారాణి

వేల్పూర్

బిడ్డా రోజా,

రాసేది రజిత, చెప్పేది నేను.

గల్మ గడప మీద నిలబడ్డ పిల్లను చూసి ఎవలో అనుకున్న. దాన్ని ఇన్నొద్దులు చంకల తప్ప చూడకపోతిని. గింత పొడుగైందని నాకేం ఎర్క.

కళ్లంల పసుపు ఆరబోసిన. నేను కాళ్లతోని తిరగేస్తుంటె, గీ పిల్ల చెప్పులిడిసి నా ఎన్క దిగింది. గా కొమ్ములు ఎంత గట్టిగుంటయో నీకెర్కే. నాకు పానం పోయినంత పనైంది. "నొస్తలేదా బిడ్డా?" అంటె, "జర నొస్తది అమ్మమ్మా, నొయ్యనీ" అన్నది. ఈ కొస నుంచి ఆ కొసకు నడిసింది. నాటకాలన్నోళ్లందరిని పిలిసి చూపెట్టిన.

నాది కోపం గాదు, భయం. మీ నాయినకు పోసెటోళ్లే ఉండె, ఆపెటోళ్లు లేకుండిరి. నా మనవరాలికి ఇచ్చినోళ్లే ఆపిండ్రు. గది నాకు తెల్వకపాయె. నువ్వు గెలిచినవ్ బిడ్డా.

స్వామిని ఒక్కన్నే ఎల్లగొట్టిన. స్వర్ణను పంప. కావాల్నంటే నువ్వే వచ్చి తోల్కపో.

మీ అమ్మ,
గంగమణి