గుండ్ల పక్కన గిన్నె

నాన్నకు నమస్కారాలు. నా దగ్గు తగ్గింది, బెంగపెట్టుకోకండి.

మొన్న మా తవ్వకాల్లో వేల ఏళ్లనాటి సమాధి ఒకటి బయటపడింది. చేతి ఎముకల దగ్గర, దూకేటప్పుడు ఊపు కోసం పట్టుకునే రాతిగుండ్లు రెండు ఉన్నాయి. వేళ్లు పట్టిన చోట నున్నగా అరిగిపోయాయి. పక్కనే గిన్నెలో మాడిన గింజలు. "ఆటలో గెలిచిన మనిషికి ఊరే అన్నం పెట్టి సాగనంపిందమ్మా" అన్నారు మా పెద్దసారు.

నాకు నవ్వాగలేదు. "ఆటలు కూడు పెడతాయా?" అంటూ చెల్లి పరుగుబూట్లు అటకెక్కించారు కదా మీరు! అవి దించండి. ఎలుకలు కొరికేసి ఉంటే కొత్తవి నేనే కొంటాను. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నా నల్ల శాలువా పంపండి. చెల్లికి ముద్దులు.

అన్నట్టు, ఆ ఎముకలు ఆడపిల్లవి.

మీ పెద్దది