ఇరవై ఒకటి నిండనివారికి ప్రవేశం లేదు

మద్యం లైసెన్సుల అధికారిగారికి,

అయ్యా, నమస్కారం. తాగే వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గించాలా వద్దా, ప్రజలు రాయండి అని పేపర్లో వేయించారు. తగ్గించండి. నాకు పందొమ్మిది. లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తాను. ఎంత తొందరగా తగ్గిస్తే అంత పుణ్యం.

ఇట్లు,
ఇస్త్రీ అమ్మాయి

తా.క.: చట్టానికి టైము పడుతుందంటే, మా వీధి చివరి బార్‌కి నా ఒక్కదాని గురించి చీటీ రాసిచ్చినా చాలు.

*

చిరంజీవి ఇస్త్రీ అమ్మాయికి,

ఆశీస్సులు. కుర్రాళ్ళు చాలామంది రాశారు కానీ, చీటీ అడిగిన ఘనత నీదే. తల్లీ, మందు మంచిది కాదు. లివరు పాడవుతుంది, తర్వాత మర్యాద పాడవుతుంది. ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకునేదానివి, చెయ్యి వణికితే ఊళ్ళోవాళ్ళ చొక్కాలేం కావాలి?

నీ మేలు కోరే,
అధికారి

తా.క.: నీ ఉత్తరం చదివి మా గుమాస్తా గుండె పట్టుకున్నాడు. వాడికి ఇద్దరు కూతుళ్ళు.

*

అయ్యా,

మీ పాదాలకు దణ్ణం. నేను తాగను. ఆ వాసనే నాకు పడదు. లోపల ఒకాయన ఉంటారు. సాయంత్రమైతే అక్కడే. ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయాలి, అంతే నా పని. తలుపు దగ్గరివాడు వయసడిగి ఆపేస్తాడు. ఎవరికోసం వచ్చావంటే చెప్పడానికి నోరు రాదు. మా లాండ్రీకి బట్టలిచ్చేవాళ్ళే లోపలికెళ్తూ నన్ను ఎగాదిగా చూస్తారు. నిలబడ్డ చోటే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపిస్తుంది. ఇంతకన్నా అడక్కండి, పరువు సంగతి.

ఇట్లు,
ఇస్త్రీ అమ్మాయి

తా.క.: ఆయన వయసుకి మీ చట్టంతో ఇబ్బందేం లేదు. యాభై రెండు.

*

అమ్మాయ్!

యాభై రెండా! నీ తండ్రి వయసు కదే! వాడికి సిగ్గులేకపోతే నీ బుద్ధి ఏ గడ్డి మేసింది? ఇంత వయసొచ్చి, పసిపిల్లని బార్ గుమ్మం చుట్టూ తిప్పుకునేవాడు మనిషేనా? ఆడపిల్ల సంగతి, చూస్తూ ఊరుకోలేను. ఈ ఉత్తరం నకలు మీ నాన్నగారి పేర పంపుతున్నాను. ఆ ముసలాడి నాలుగు ఎముకలు ఆయనే విరగ్గొడతారు.

కోపంతో,
అధికారి

తా.క.: కర్ర కావాలంటే మా గుమాస్తా ఇస్తానంటున్నాడు.

*

అధికారిగారికి,

నమస్కారం. ఆ ఇస్త్రీ అమ్మాయి తండ్రిని. తమరి ఉత్తరం చదివి నిప్పు తొక్కిన కోతినయ్యాను. మా ఇంట్లోనే కర్ర ఉంది, తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి "ఎవడే వాడు?" అని అరిచాను.

పిల్ల బట్టలు మడతపెడుతోంది. "నువ్వే నాన్నా" అంది. తలెత్తలేదు.

చెంప మీద కొట్టినా ఇంత తగిలేది కాదు. తప్పు నాదైతే తల దించుకున్నది అదండీ.

నేను బోర్డులు రాసేవాణ్ణి. ఆ బార్ తలుపు మీద "ఇరవై ఒకటి నిండనివారికి ప్రవేశం లేదు" అని రాసింది ఈ చెయ్యే. అక్షరాలకి ఎర్రంచు కూడా దిద్దాను, చూడ్డానికి ముచ్చటగా ఉండాలని. మొన్నోసారి బయటేదో గొడవైతే ఏంటని అడిగాను. "ఎవరో అమ్మాయి సార్, లోపలికొస్తానంటోంది" అన్నాడు వెయిటరు. "కన్నవాళ్ళకి బుద్ధుండాలి" అన్నాను. అందరూ నవ్వారు. నేను వాళ్ళకన్నా గట్టిగా నవ్వాను.

ఆ నవ్వు చెవుల్లోంచి పోవడం లేదు.

చట్టం సంగతంటారా, తగ్గించకండి. తగ్గిస్తే నా కూతురు లోపలికొచ్చి, నేను ఉన్న తీరు చూస్తుంది. వీలైతే పెంచండి. యాభై మూడు చేస్తే ఏడాదిపాటు నేనూ బయటే నిలబడతాను. ఆపైన ఏటా ఒకటి పెంచుతూ పోండి, మీకు పుణ్యముంటుంది.

సిగ్గుతో,
తమరు ఎముకలు విరగ్గొట్టమన్న ముసలాడు

తా.క.: నిన్న సాయంత్రం ఇంట్లోనే ఉన్నాను. ఇవాళ సంగతి మాటివ్వలేను. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వెయ్యాలంటే ఆ బార్ ముందు నుంచే వెళ్ళాలి. "తోడొస్తావా?" అని పిల్లనడిగాను. లేచి, నా చెయ్యి పట్టుకుంది.