ముత్తవ్వ గీసిన అఖాతం

తమ్ముడు ఉట్టాక్‌కు, ఒట్టావా నుంచి అన్న ఇకుమాక్ దీవెనలు. కేసు గెలిచాం, మన అఖాతంలో గని తవ్వరు. నూరేళ్ల కిందట మన మంచు తీరానికి దారి వెతుక్కుంటూ వచ్చిన ఓడ కెప్టెనుకు ముత్తవ్వ గీసిచ్చిన పటం ఇక్కడి పాత రికార్డుల్లో దొరికింది. గని కంపెనీ లాయరు కోర్టులో దాన్ని చూసి నవ్వాడు.

"పెద్దాయనా, ఇంత చిన్న అఖాతాన్ని సముద్రమంత గీసిందే! మీవాళ్లు నిజంగా అక్కడ ఉండుంటే కొలత తెలీదా?"

"ఒరేయ్, దాటిపోయే చోటును మావాళ్లు చిటికెడే గీస్తారు. కాపురమున్న చోటును ఇంత చేసి గీస్తారు. లేకపోతే మాంసం దాచే రాళ్లగుట్టలన్నీ ఎక్కడ పట్టించేది?" అన్నాను.

జడ్జి పటంలో ఆ గుట్టలన్నీ తానే వెతికి చూసుకుని, అఖాతం మనదేనన్నాడు.

కుక్కలకు సీల్ మాంసం వేస్తున్నావా? నా పడవ చిల్లు పూడ్చు. మరదలిని గుడారం తోళ్లు కుట్టి ఉంచమను. ఈ వేసవి మనం దిగేది అక్కడే, పొమ్మనేవాడు లేడు.