పోచమ్మ బండ వెనకవైపు

హైదరాబాద్,
22-7-2018

అమ్మకు నీ బిడ్డ సుహాసిని నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బాపు, మన బర్రెలు అందరూ బాగున్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. హాస్టల్ అన్నం తింటున్నాను, చిక్కిపోలేదు, ఫికర్ చేయకు.

“రాళ్లల్ల గంత సదువేముంది బిడ్డా? మన గుట్ట మీది గులాబి బండ యాడికెల్లి వచ్చింది?” అని అడిగావు. నేను చదివేది అదే. యాటకూర పొయ్యి మీద పెడితే కొవ్వు ముందు కరిగి పైకి తేలుతుంది, బొక్కలు అడుగునే ఉంటాయి కదా. మన మర్రిగూడ నేల లోతుల్లో పాత బూడిదరంగు రాయికి విపరీతమైన వేడి తగిలింది. రాయంతా కరగలేదు. తొందరగా కరిగే భాగమే ముందు కరిగి విడిపోయింది, పొటాషియం ఎక్కువగా దాంట్లోకే చేరింది. నల్లటి బరువైన ఖనిజాలు కిందే మిగిలాయి. కరిగింది పైకి వచ్చి, మెల్లగా చల్లారి గులాబి బండ అయింది. ఇది జరిగి రెండువందల యాభై కోట్ల ఏళ్లయి ఉంటుంది.

బూడిద రాయిలోంచి గులాబి చారలు అప్పుడే కారుతున్నట్టు కనబడే రాయి దొరకడం కష్టం. నాకు మన ఊళ్లో ఒక్కచోటే దొరికింది.

అమ్మా, ఇంతసేపూ రాళ్ల ముచ్చట చెప్పి అసలు సంగతి దాటేస్తున్నాను. పోచమ్మ బండను పగలగొట్టింది విజేందరన్న కాదు. నేను.

ఉగాదికి వచ్చినప్పుడు, ఆ గులాబి చారలున్న పెచ్చు చదువుకు కావాలని కొట్టాను. పసుపు కుంకుమలు ముందువైపే ఉన్నాయి, వెనకవైపు అమ్మవారు కాదులే అనుకున్నాను. ఎంత పాడు బుద్ధి! పోనీ ఆ పెచ్చు తెచ్చిద్దామంటే, ల్యాబులో ఎప్పుడో పొడి చేసేశాం.

“బండలు కొట్టేటోడు గాక ఇంకెవడు కొడ్తడు? ఈసారి బోనాలకు వాన్ని రానియ్యం అని ఊరోళ్లు అన్నరు. నేను గూడ వాని పెండ్లాం మల్లికతోని మాట బంద్ చేసిన” అని రాశావు. బిడ్డకు జ్వరం తగ్గితే ఈ ఏడు బోనం ఎత్తుతామని మల్లిక మొక్కుకుంది కదమ్మా. నా వల్ల ఆ మొక్కు ఆగిపోయింది.

ఇంకొకటి చెప్పాలి. ఆరోజు పెచ్చు సంచిలో వేసుకుని వెనక్కి తిరిగితే విజేందరన్న అక్కడే ఉన్నాడు. అంతా చూశాడు. “గిదేంది చెల్లె, గింత ఎండల తిరుగుతున్నవు? జర నీళ్లు తాగు” అని తన సీసా ఇచ్చాడు. నేను తాగాను. ఇప్పుడు ఊరంతా తిడుతున్నా ఆయన నా పేరు చెప్పలేదు.

ఫోన్ చేశాను కానీ నీ గొంతు వినగానే బర్రెల ముచ్చట అడిగి పెట్టేశాను. వచ్చే ఆదివారం ఊరికి వచ్చి నలుగురిలో నేనే చెబుతాను. నువ్వు అంతదాకా ఆగకు. ఉత్తరం అందగానే మల్లిక ఇంటికి పోయి మాట్లాడు. నన్ను తిట్టాలనిపిస్తే వాళ్ల ముందే తిట్టు.

ఇట్లు,
తలెత్తుకోలేని నీ బిడ్డ
సుహాసిని