అడక్కుండా కట్టేసే ఇన్సూరెన్స్

కొవ్వూరు,
6 సెప్టెంబరు 2004

ప్రియమైన తణుకు బావగారికి,

ఇందుమూలముగా యావన్మంది బంధుమిత్రులకూ తెలియజేయడమేమనగా: కొవ్వూరు బస్టాండు పక్కన టైర్ల షాపు యజమాని, పదో తరగతి రెండుసార్లు చదివిన విద్యావేత్త, తమరి ఏకైక బావమరిది అయిన అమ్మిరాజు యొక్క కుడికాలి చెప్పు నిన్న సాయంత్రం పరమపదించినది. ఎడమకాలి చెప్పు క్షేమము. సంతాపసభ లేదు. ఈ విషయమై ఎవరూ ఫోన్లు చేయరాదు.

ఫోన్‌లోనే మాట్లాడొచ్చు కదా అంటారేమో. ఫోన్‌లో అయితే మీకు గిట్టని మాట రాగానే పెట్టేస్తారు. ఉత్తరాన్ని పెట్టెయ్యలేరు.

అసలు సంగతికొస్తాను. మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి మా ఆవిణ్ణి మీ ఇంటికి తీసుకొచ్చినప్పుడు, మీరు కారు బానెట్ మీద చెయ్యి వేసి ఒక మాటన్నారు. "ఇన్సూరెన్స్ గురించి నేను పట్టించుకోనురా. బ్యాంకులో ఒక్క సంతకం పడేశాను. ఏడాదికోసారి వాళ్ళే నా ఖాతాలోంచి తీసుకుని కంపెనీకి కట్టేస్తారు. అంతా ఆటోమేటిక్" అన్నారు. అప్పట్నుంచీ నాకు తిన్నది అరగడం లేదు.

అడక్కుండా మన పని మనకి చేసిపెట్టేవాడు ఎక్కడైనా ఉంటాడా బావగారూ? నేను అడగందే మా ఆవిడ మంచినీళ్ళు ఇవ్వదు. అలాంటిది బ్యాంకువాళ్ళు మీ కారుని గుర్తుపెట్టుకుని మరీ కట్టేస్తున్నారంటే నాకు ఎక్కడో తేడాగా ఉంది. పైగా ఆ ఏజెంటు గణేష్‌బాబు ఒకడు. ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు. ఇన్సూరెన్స్ మనిషి అంత నవ్వడానికి ఏముంటుందండీ?

వచ్చిన కవరు విప్పి చూశారా అని అడిగితే అక్క ఏమంది? "విప్పడం ఎందుకురా? దసరాకి కారుతోపాటు దానికీ పసుపూ కుంకుమా పెట్టి డాష్‌బోర్డులో పెట్టేస్తాం" అంది. పాలసీకి పూజ చేసి, పాలసీ మాత్రం చదవని ఇల్లు ఈ రెండు గోదావరి జిల్లాల్లో మీదొక్కటే.

ఆలోచించండి.

అనుమానాలతో అరుగుదల పోయిన మీ బావమరిది,
అమ్మిరాజు

*

తణుకు,
11 సెప్టెంబరు 2004

ప్రియమైన అమ్మిరాజుకి దీవెనలు.

నీ చెప్పుకి నా సానుభూతి. నీ నోటికి మాత్రం ఏ ప్రమాదమూ జరగలేదని ఉత్తరం చూస్తే తెలిసింది.

నీకు ఎవరి మీద అనుమానం లేదురా? కొబ్బరికాయ కొడితే లోపల నీళ్ళు ఎవరు పోశారని అడిగే రకానివి నువ్వు. ఇదివరకు ఏం జరిగేదో విను. నాకు ధాన్యం కమీషన్ వ్యాపారం. కోతలు ఎప్పుడో గుర్తుంటుంది, మిల్లువాళ్ళతో తగాదా గుర్తుంటుంది గానీ పాలసీ ఎప్పుడు అయిపోతుందో గుర్తుండదు. ఒక ఏడాది టైఫాయిడ్ వచ్చి పడుకున్నాను, పాలసీ కాస్తా అయిపోయింది. మళ్ళీ రాయాలంటే మనిషి వచ్చి కారు చూడాలన్నారు. ఇన్నేళ్ళూ ప్రమాదం లేకుండా నడిపినందుకు ఇచ్చే తగ్గింపూ పోయింది. ఆ తరవాతే గణేష్‌బాబు ఈ ఆటోమేటిక్ ఏర్పాటు చేశాడు. ఇప్పుడు నాకు జ్వరమొచ్చినా పాలసీకి రాదు.

గణేష్‌బాబు నవ్వేది నిన్ను చూసి అయ్యుంటుంది.

హారతికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. వాళ్ళమ్మని పక్కన కూర్చోబెట్టుకుని కాలవగట్టు మీద తిప్పుతోంది. మీ అక్క కళ్ళు మూసుకునే కూర్చుంటుందనుకో.

నీ క్షేమం కోరే బావ,
వెంకటరాజు

*

కొవ్వూరు,
15 సెప్టెంబరు 2004

ప్రియమైన బావగారికి,

హారతి కారు నడుపుతోందా! మేనమామగా సంతోషం. అయినా ఇప్పుడు చెప్పబోయేది చదివి ఆ సంతోషం ఎంతసేపు ఉంచుకోవాలో మీరే తేల్చుకోండి.

మా వీధి చివర లోకనాథ్ అని ఒకాయన ఉన్నాడు. నెమ్మదస్తుడు. మీలాగే ఆటోమేటిక్ మనిషి. బ్యాంకులో సంతకం పెట్టి గుండెమీద చెయ్యేసుకుని పడుకున్నాడు. పోయినేడు కట్టాల్సిన రోజున ఆయన ఖాతాలో సరిపడా లేదు. బ్యాంకు కట్టలేదు. కట్టలేదని రాసిన ఉత్తరం ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటికి వెళ్ళింది. ఈయనకేమో అంతా ఆటోమేటిక్ కదా, ధీమాగా తిరుగుతున్నాడు. రాజమండ్రి వెళ్తూ వంతెన ఎక్కేచోట మోపెడ్ మీద వచ్చే మనిషిని గుద్దేశాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి వెళితే, "మీరెవరో మాకు తెలీదండి" అన్నారు. కోర్టు చెప్పిందంతా సొంతంగా కట్టుకోవలసి వచ్చింది. కొబ్బరితోట అమ్మేశాడు. ఇప్పుడు షాపు ముందునుంచి వెళ్తూ నా వంక కూడా చూడడు.

మీ గణేష్‌బాబు మంచివాడే కావచ్చు. బ్యాంకు మంచిదే కావచ్చు. కానీ మంచివాళ్ళందరూ కలిసి ఒక పని ఒకళ్ళమీద ఒకళ్ళు వదిలేస్తే ఆ పని ఎవరు చేసినట్టు? హారతి స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఈ మాట ఒక్కసారి తలుచుకోండి.

మీ బావమరిది,
అమ్మిరాజు

*

తణుకు,
19 సెప్టెంబరు 2004

ప్రియమైన అమ్మిరాజుకి,

నిజం చెప్పు. ఆ లోకనాథ్ సంగతి నిజమేనా? హారతి పుట్టినప్పుడు ఆస్పత్రిలో కవలలని చెప్పి నాచేత రెండు ఉయ్యాలలు కొనిపించినవాడివి నువ్వు. నీ మాట నేను సగమే నమ్ముతాను. కానీ మీ అక్క ఉత్తరం చదివింది. అప్పట్నుంచీ కారెక్కనంటోంది, హారతిని ఎక్కనివ్వడం లేదు. ఇంట్లో తల్లీకూతుళ్ళకి మాటల్లేవు. తిరుగుటపాలో జవాబు రాయి.

వెంకటరాజు

*

కొవ్వూరు,
22 సెప్టెంబరు 2004

ప్రియమైన బావగారికి,

బ్యాంకుని నమ్ముతారు, ఏజెంటుని నమ్ముతారు, పిల్లనిచ్చిన ఇంటివాణ్ణి మాత్రం నమ్మరు. ఆ లోకనాథ్ భార్య వీరవేణి మా ఆవిడ దగ్గర కూర్చుని ఏడవని రోజు లేదు. కూతురు అశ్విని ఇంటర్ మొదటి ఏడాదిలో చదువు మానేసి ఇంట్లో కూర్చుంది. తెలివైన పిల్ల, లెక్కల్లో దిట్ట. ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

వెళ్ళి కనుక్కోండి. అన్నీ సక్రమంగా ఉంటే నన్ను తిట్టుకుంటూ మరో ఉత్తరం రాయండి.

అమ్మిరాజు

*

తణుకు,
25 అక్టోబరు 2004

ప్రియాతిప్రియమైన అమ్మిరాజుకి,

నెల్లాళ్ళుగా జవాబు రాయలేదని కోపగించుకోకు. ఏం రాయాలో తెలియలేదు.

నీ ఆఖరి కార్డు అందిన మర్నాడే కారేసుకుని గణేష్‌బాబు ఆఫీసుకి వెళ్ళాను. నువ్వు ఎక్కించిన అనుమానమంతా అతని మీద కక్కాను. పాపం, నవ్వడం మానేశాడు. పుస్తకం తీసి, "మీది ప్రతి ఏడూ కట్టేశారండి, ఒక్క రోజు కూడా తప్పలేదు" అన్నాడు. నిన్ను తిట్టుకుంటూ లేచాను. సాగనంపడానికి గుమ్మందాకా వచ్చి, నా మారుతిని చూసి, "అంబాసిడర్ తేలేదేంటండి?" అన్నాడు.

"అంబాసిడర్ ఏంటయ్యా? దాన్ని పెంటపాడు చినబాబుకి అమ్మేసి రెండేళ్ళయింది" అన్నాను.

"మరి నాకు చెప్పలేదేంటండి?" అన్నాడు.

ఇద్దరం వెనక్కి వెళ్ళి పుస్తకంలో బండి నంబరు చూశాం. అర్థమైందా? అమ్మేసిన అంబాసిడర్‌కి రెండేళ్ళుగా నేను ఇన్సూరెన్స్ కడుతున్నాను. ఇంట్లో ఉన్న మారుతికి లేనే లేదు. కాకినాడ డాక్టరుగారి దగ్గర కొన్నప్పుడు ఆయన కట్టినది కొన్నాళ్ళు ఉంది, తరవాత అదీ అయిపోయింది. ఆటోమేటిక్ కదా అని నేను అడగలేదు. కారు మార్చానని ఆ సంతకానికి ఎలా తెలుస్తుంది? మేం పూజ చేసింది వేరేవాళ్ళ కారు పాలసీకిరా.

గణేష్‌బాబుకి క్షమాపణ చెప్పాను. మనిషిని పంపించి కారు చూపించి, మారుతికి కొత్త పాలసీ రాయించాడు. బ్యాంకుకి వెళ్ళి పాత సంతకం రద్దు చేశాను. ఆ తరవాతే హారతికి తాళాలిచ్చాను.

దసరాకి మూడు రోజుల ముందు, ఉండ్రాజవరం రోడ్డు మలుపులో హారతి ఒక సైకిలుని గుద్దింది. తాపీమేస్త్రి ఏసురాజు. కాలు రెండుచోట్ల విరిగింది. ఇద్దరు పిల్లలు, అతని రెక్కల మీదే ఇల్లు. ఆస్పత్రిలో చేర్పించాం. పోలీసు కేసు రాశారు. పాలసీ ఉంది కాబట్టి నష్టపరిహారం కంపెనీ కట్టుకోవాలని వకీలు అన్నాడు. పిల్ల ఇంకా సరిగ్గా అన్నం తినడం లేదు. కానీ ఏసురాజుకి రావలసింది వస్తుంది. మా పొలం మాకుంటుంది. నువ్వు ఆ ఉత్తరాలు రాయకపోయి ఉంటే ఈ రెండూ ఉండేవి కావు.

మీ అక్క మూడు రోజులు ఏడ్చింది. మనల్ని కాపాడింది లోకనాథ్‌గారి కష్టమేనంటోంది. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం మేం ముగ్గురం కొవ్వూరు వస్తున్నాం. వీరవేణిగారికి చీర తీసింది. ఒక బస్తా బియ్యం, ఆత్రేయపురం పూతరేకులు తెస్తున్నాం. ఇంకొక మాట. అశ్వినిని మా ఇంట్లో ఉంచుకుని ఇక్కడ కాలేజీలో చేర్పిస్తాం. హారతి తన గదిలో రెండో మంచం వేయించేసింది. నువ్వు ముందుగా వాళ్ళకి నచ్చజెప్పి ఉంచు. ఆత్మాభిమానం ఉన్న మనుషుల్లా ఉన్నారు, ఏమీ అనుకోకుండా మాట్లాడు.

నీకు జన్మంతా రుణపడిన బావ,
వెంకటరాజు

*

కొవ్వూరు,
29 అక్టోబరు 2004

ప్రియమైన బావగారికి, అక్కకి, మా హారతికి,

ముందు హారతికి. అన్నం తినమ్మా. భయపడుతున్నావంటే మంచి డ్రైవర్‌వి అవుతావు. మీ నాన్న ఏనాడూ భయపడలేదు, చూశావుగా ఏం చేశాడో.

బావగారూ, ఆటోమేటిక్‌ని నేను మరీ ఆడిపోసుకున్నాను. బ్యాంకు చెప్పిన పని చెప్పినట్టు చేసింది. గణేష్‌బాబు మీద నాకున్న అనుమానాలన్నీ వాపసు తీసుకుంటున్నాను, ఆ నవ్వు గురించి తప్ప. కొత్త కారుకి కూడా ఆ ఏర్పాటే పెట్టించుకోండి. మీ జ్ఞాపకశక్తి కన్నా అదే నయం. కాకపోతే కవరు వచ్చినప్పుడు విప్పి, కారు పక్కన నిలబడి నంబరు చూసుకుని, ఆ తరవాత బొట్టు పెట్టండి. అక్క ఏమీ అనుకోదు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. మా ఆవిడ పక్కన కూర్చుని, "రాస్తావా, నన్ను ఫోన్ చెయ్యమంటావా?" అంటోంది. మీరు ఇంతమందిని అనుమానించారు, బ్యాంకుని, ఏజెంటుని, చివరికి చినబాబుని కూడా అనుమానించి ఉంటారు. అసలు అనుమానించవలసినవాణ్ణి ఒక్క కార్డు ముక్క చూసి నమ్మేశారు. మీకు రెండు రాత్రులు నిద్ర పట్టకుండా చేద్దామన్నంతవరకే నా ఉద్దేశం. మారుతి సంగతి నాకు కలలో కూడా తెలీదు.

ఆదివారం తప్పకుండా రండి, కానీ ఆ బియ్యం కొవ్వూరు దాకా మొయ్యకండి. దారిలో ఏసురాజు ఇంట్లో దింపండి. చీర ఆయన భార్యకివ్వండి. వాళ్ళు నిజంగా ఉన్నారు. పూతరేకులు మాత్రం తెచ్చేయండి, తిట్లతోపాటు తింటాను.

మా వీధి చివర లోకనాథ్ లేడు. ఆ కొబ్బరితోట లేదు, వీరవేణి లేదు. అంతా షాపులో కూర్చుని నేను అల్లిందే. హారతి వేయించిన ఆ మంచం సంగతి చదివిన దగ్గర్నుంచి, అశ్విని లేకపోవడం ఒక్కటే నాకు కొంచెం కష్టంగా ఉంది.

మీ,
అమ్మిరాజు